జీతంతో సెలవు, పులికాట్ ఒడ్డు

(సభ్యుల కుటుంబ సమావేశంలో యూనియన్ కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం)



బోనస్ గురించి మాట్లాడతాననుకుని వచ్చినవాళ్లు ఈ ఒక్కరోజు ఓర్చుకోవాలి. ఈరోజు సెలవు గురించి మాట్లాడతాను. సెలవు కూడా పోరాడి సాధించుకున్నదే. 20 రోజులు పనిచేస్తే ఒక రోజు జీతంతో సెలవు అని 1948 ఫ్యాక్టరీల చట్టంలో రాశారు. అందుకు ఏడాదిలో 240 రోజులు పనిచేసి ఉండాలన్నారు. 2020లో చేసిన కొత్త కోడ్ దాన్ని 180 రోజులకు తగ్గించింది. ఆ కోడ్‌లో మనకు గిట్టనివి చాలానే ఉన్నాయి, వాటి సంగతి ఇంకో రోజు. మనలో ఎక్కువమంది ఆ సెలవును పెళ్లికో చావుకో వాడతారు, లేకుంటే డబ్బు చేసుకుంటారు. పెళ్లాంబిడ్డలతో ఊరికే ఒకచోటికి వెళ్లి కూర్చుందామని వాడినవాళ్లు ఎందరో చేతులెత్తండి చూద్దాం. అదీ సంగతి!

2025 జనవరిలో, సంక్రాంతి దాటాక, మా ఇంటిదాన్నీ కూతుర్నీ ఇద్దరు మనవళ్లనీ తీసుకుని సూళ్లూరుపేట పోయాను. బెంగుళూరు నుంచి మద్రాసుకు రైలు, అక్కణ్ణుంచి లోకల్ రైలు. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు పోయే రోడ్డు పులికాట్ సరస్సును చీల్చుకుని పోతుంది. రోడ్డుకు అటూ ఇటూ నీళ్లే. ఉప్పునీటి సరస్సుల్లో మన దేశంలో చిలకా తర్వాత ఇదే పెద్దది.

ఆ నీళ్లలో వేలకొద్దీ ఫ్లెమింగోలు. సన్నటి పొడుగు కాళ్లు, మెడ వంచి తలను తలకిందులు చేసి ముక్కుతో బురదనీళ్లు జల్లెడ పడతాయి. వాటి గులాబీ రంగు పుట్టుకతో వచ్చింది కాదు, తినే నాచు నుంచీ చిన్నచిన్న రొయ్యపురుగుల నుంచీ వచ్చేది. పిల్లలు బూడిదరంగులో ఉంటాయి. మన దేశంలో అవి గుడ్లు పెట్టేది ఎక్కువగా గుజరాత్‌లోని కచ్ ఎడారిలో. మేత కోసం ఇంతదూరం వస్తాయి. అది విని మా ఇంటిది "మనమూ అంతే కదా, మేత కోసం బెంగుళూరు రాలేదా" అంది. నాకు జవాబు తోచలేదు.

మర్నాడు దొరవారిసత్రం దగ్గర నేలపట్టు. చెరువులో కడప చెట్ల మీద గూడబాతులు గూళ్లు కట్టుకుని ఉన్నాయి. ముక్కు కింద సంచి వేలాడే పెద్ద పక్షులు. పిల్ల తల్లి నోట్లోకి తల దూర్చి చేప తింటుంటే చిన్న మనవడు హడలిపోయాడు, తల్లి బిడ్డను మింగేస్తోందని. పక్షుల రెట్ట కలిసిన నీళ్లు పొలాలకు ఎరువు. అందుకే చుట్టుపక్కల రైతులు పక్షుల జోలికి పోరు. మన మండ్య జిల్లాలో మద్దూరు దగ్గర కొక్కరె బెళ్లూరులో కూడా అంతే, ఊరి మధ్య చెట్ల మీదే గూళ్లు.

మూడో రోజు వాకాడు దగ్గర తూపిలిపాలెం బీచికి వెళ్లాం. ఎండ్రకాయలు ఇసుకలో బొక్కల్లోకి పరుగులు తీస్తుంటే పిల్లలు వెంటపడ్డారు. కొంచెం దూరంలో ఒక సముద్రపు తాబేలు, చాటంత డిప్ప. పెద్దవాడు దగ్గరికి పోయి "నిద్రపోతోందా తాతా?" అన్నాడు. చచ్చిపోయి ఉంది. వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన చెప్పాడు, "ట్రాలర్ వలలో పడింటుంది. దానికి ఊపిరి కావాలి గదయ్యా, పైకి రాలేకపోతే మునిగి చస్తుంది."

ఆ నెలలోనే మద్రాసు తీరంలో ఇలాంటి తాబేళ్లు వెయ్యికి పైగా చచ్చి కొట్టుకొచ్చాయి. ఇవి ఆలివ్ రిడ్లే తాబేళ్లు. చలికాలంలో రాత్రిపూట ఒడ్డెక్కి ఇసుకలో నూరుకు పైగా గుడ్లు పెట్టి పోతాయి. నెలన్నర, రెండు నెలలకు పిల్లలు బయటపడి వెలుతురున్న వైపు నడుస్తాయి. సముద్రం మీది వెలుతురు అనుకుని హోటల్ దీపాల వైపు పోయి చస్తాయి కొన్ని.

ఇప్పుడు తప్పెవరిది? పత్రికలు చేపలు పట్టేవాళ్లను తిడతాయి. నేనొప్పుకోను. తాబేలు తప్పించుకుపోయే తలుపు లాంటి పరికరం వలకు బిగించవచ్చు. దాన్లోంచి చేప కూడా పోతుందని వాళ్ల భయం. పట్టింది తగ్గితే కూలి తగ్గేది పడవలో పనిచేసేవాడికి, ఓనరుకు కాదు. ఈ పరికరం వాడటం లేదనే 2019లో అమెరికా మన సముద్రపు రొయ్యలు కొనడం ఆపింది. రొయ్య రేటు పడితే మొదట పస్తుండేది రొయ్య ఒలిచే ఆడకూలీలు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు వేట బంద్. ఆంధ్రలో ఆ రోజులకిచ్చే భృతిని 2025లో 10,000 నుంచి 20,000 రూపాయలకు పెంచారు. మనకు లే-ఆఫ్ ఇస్తే సగం జీతం వచ్చినట్టన్నమాట. అది ఎందరు అడిగితే వచ్చిందో మనకు వేరే చెప్పక్కర్లేదు. వలకు బిగించే పరికరం ఖర్చూ, దానివల్ల పోయే చేప ఖరీదూ అలాగే ప్రభుత్వం, ఎగుమతి కంపెనీలు భరించాలి. కూలివాడి మీద వేస్తే ఆ తలుపును తాడుతో కట్టేస్తాడు. నేనైనా అదే చేస్తాను.

వచ్చే జనవరిలో ఆదివారానికి రెండు రోజుల సెలవు కలుపుకోగలిగినవాళ్లు ఆఫీసులో పేర్లివ్వండి. సెలవు కాగితం ముందుగా, రాతపూర్వకంగా ఇవ్వండి, నకలు దగ్గర పెట్టుకోండి. సాయంత్రం పూట ఒడ్డుకు పోతే టార్చిలైట్లు వెయ్యొద్దు, గూళ్ల దగ్గర టపాసులూ పాటలూ వద్దు. ఎవరింట్లోనైనా పాత బైనాక్యులర్ ఉంటే మాత్రం తెండి, మా మనవళ్లు పోయినసారి అదొక్కటీ లేదని ఏడ్చారు.