బోయల పూర్వచరిత్రము – ప్రభుత్వపు జాబితా
(అల్లూరు పఠనమందిరమునఁ జేసిన యుపన్యాసము)



ఒక జాతి తన పేరు తానెఱిఁగినఁ జాలదు. ప్రభుత్వపు జాబితాయు నెఱుఁగవలెను. ఇది నేఁటి న్యాయము. ఈ న్యాయము బోయలకెట్లు వర్తించుచున్నదో విన్నవింతును.

మనకుత్తరమున అద్దంకిలో క్రీ.శ. 848 ప్రాంతమునాఁటి పండరంగని శాసనము దొరకినది. తెలుఁగు పద్యశాసనములలో మిక్కిలి ప్రాచీనమని పండితులందురు. ఆ చాళుక్య సేనాని పండ్రెండు బోయకొట్టములను గెలిచెనని యందున్నది. గెలిచినవాని కీర్తికై చెక్కిన ఱాయి యోడినవారి యునికికిని సాక్ష్యమైనది. శ్రీకాళహస్తి కథలోని తిన్నఁడును బోయయే.

అట్టి నామము వహించినవారి స్థితి నేఁడేమి? ఏజెన్సీలోని వాల్మీకులు షెడ్యూల్డు తెగలలో నున్నారు. రాయలసీమ మైదానపు బోయలు వెనుకఁబడిన తరగతుల ‘ఏ’ వర్గమున నున్నారు. సరిహద్దు దాఁటి బళ్లారి చేరినచో నాయక, బేడ, వాల్మీకి నామములవారు 1991 నుండి తెగలలో లెక్కింపఁబడుచున్నారు. రక్తమొక్కటి, రాష్ట్రములు రెండు, హక్కులు వేఱు!

బోయ సంఘములు చిరకాలముగా మొఱవెట్టుకొనఁగా, మన శాసనసభ 2017లోను మరల 2023లోను వీరిని జేర్పవలసినదని తీర్మానించెను. కాని రాజ్యాంగపు 342వ అధికరణము ననుసరించి జాబితా మార్చు నధికారము పార్లమెంటుదే.

1965నాఁటి లోకూరు సంఘము తెగలకైదు లక్షణములు జెప్పెను: ఆదిమ లక్షణములు, ప్రత్యేక సంస్కృతి, భౌగోళికమైన యొంటరితనము, అన్యులతోఁ గలయుటకు జంకు, వెనుకఁబాటు. చిత్రదుర్గమునఁ గోటలేలిన బేడనాయకుల జాతిలో జంకు వెదకుట యెట్లు? ధైర్యము గలిగియుండుటయే యనర్హతయగునా? కొలబద్దనే మరల బరీక్షింపవలెను.

ఐనను రెండవపక్షము వినక తీర్పు చెప్పరాదు. ఏజెన్సీ గిరిజన సంఘములు దీని నాక్షేపించుచున్నవి. వారి భయము నిరాధారము గాదు. రాష్ట్రమునఁ దెగలకున్నది నూటికాఱు పాళ్లు. అందులోనే లక్షలాది జనులు చేరినచో యానాది బిడ్డకును జెంచు బిడ్డకును మిగులునదేమి? కర్ణాటకము 2022లోఁ దెగల పాలును 3 నుండి 7కు బెంచుచు నార్డినెన్సు చేసెను. పాలు పెంచక పాలివారిని బెంచుట పేదను బేదపై నుసికొల్పుటయే.

జాబితాయే మోక్షమనియుఁ దలఁపరాదు. మన తీరపు యానాదులు 1956 నుండియు నందున్నారు. వెన్నెలకంటి రాఘవయ్యగారు వారికై సంఘము నిలిపి, వారి చరిత్రను గ్రంథస్థము చేసిరి. నేఁటికిని జెఱువుగట్టులపైఁ బ్రదుకుచు, ధ్రువపత్రమునకై కచేరీల చుట్టుఁ దిరుగువారు వారిలోఁ గలరు. పేరెక్కుట యొకటి, ఫలమందుట యొకటి.

కావున బోయ సంఘములకు నా మనవి: అర్జీలతోపాటు మీ వృద్ధుల నోటనున్న పాటలను, ఇంటిపేరులను, గ్రామ కైఫీయతులను, శాసనములను సేకరింపుఁడు. అర్జీ ఢిల్లీకిఁ బోవును, తిరిగివచ్చునో రాదో! చరిత్ర మీయింటనే యుండును. దానిని ద్రోసిపుచ్చు నధికారము జాబితాకు లేదు.

పఠనమందిరములవారలారా! ఆ సేకరణమునకు మీ బల్లపైఁ జోటిండు. ప్రభుత్వమా! పక్షపాతములేని విచారణ జరిపి, యెవరి ముద్దయుఁ దీయక, ఔననియో కాదనియో కారణములతోఁ జెప్పుము. దశాబ్దములతరబడి గుమ్మమున నిలువఁబెట్టుట న్యాయము గాదు.