దూరదేశయాత్ర: చూచుట, తెలిసికొనుట
(రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)



గ్రంథాలయ రజతోత్సవమునకును దూరదేశయాత్రకును సంబంధమేమని కొందరికి సందేహము కలుగవచ్చును. ఇల్లు కదలకయే లోకమును చూపునది పుస్తకము. పుస్తకమున చదివినదానిని కన్నులయెదుట నిలుపునది యాత్ర. తనకు తెలియనిది లోకమున చాల కలదని మనుష్యుడు గ్రహించుటయే రెంటికిని ఫలము. ఆ గ్రహింపు లేనిచో వేయి పుటలు త్రిప్పినను, వేయి ఆమడలు తిరిగినను శ్రమయే మిగులును.

తెలుగువారు యాత్రలకు క్రొత్తవారు కారు. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో చెన్నపట్టణమునుండి పరివారముతో కాశికి బయలుదేరి, పదునైదు నెలలు సంచరించి 1831లో తిరిగివచ్చెను. పుణ్యార్థము పోయినవాడయ్యును ఆయన మజిలీలను, బాటలను, నీటి వసతులను, జనుల ఆచారములను ఏదినమున కాదినము వ్రాసియుంచెను. అందువలననే ఆయన కాశీయాత్ర చరిత్ర నేటికిని చదువబడుచున్నది. యాత్రాపుణ్యము ఒక్కనిది, యాత్రాజ్ఞానము పదిమందిదియు అయినది.

నేడు విమానముల మూలమున దూరదేశములు దగ్గరయైనవి. బిడ్డలు పరదేశములందు ఉద్యోగములు చేయుచుండుటచే పల్లెలనుండి సైతము పెద్దలు సముద్రములు దాటుచున్నారు. అయినను పెక్కు కుటుంబములకు ఇట్టి యాత్ర కొన్ని యేండ్లు కూడబెట్టిన ధనముతో జరుగునది. ఆ ధనమునకు తగిన ఫలము దక్కవలయునన్న ఎట్లు పోవలయును, ఎవరితో పోవలయును, ఏమి చూడవలయును అను ప్రశ్నలు అల్పములు కావు.

యాత్రలు నడుపువారి పద్ధతులు ముఖ్యముగా రెండు. ఏబదిమందిని ఒక పెద్ద బస్సునందెక్కించి, ప్రతిస్థలమునను అరగంట నిలిపి, ఛాయాచిత్రములు తీసికొననిచ్చి, మరల ఎక్కించుట ఒక పద్ధతి. పదిమందియో పండ్రెండుమందియో కూడి, తెలిసిన మార్గదర్శిని మొదటినుండి తుదివరకు వెంటనిడుకొని, తక్కువ స్థలములను ఎక్కువసేపు చూచుట రెండవ పద్ధతి. ఇందు తలకు పడు వ్యయము హెచ్చు. కాని ఏబదిమంది ఒక చిన్న పల్లెలో దిగినచో ఊరు సంతయగును. పదిమంది దిగినచో చుట్టములు వచ్చినట్లుండును. వెనుక నిలిచినవానికిని ప్రశ్న యడుగుటకు సందు దొరకును. మోకాళ్ళ నొప్పిగల పెద్దవారికొరకు పదినిమిషములు ఆగుటకును వీలుండును.

ఈ విషయమును ఊరక చర్చించుటకంటె ఒక దేశమును ఉదాహరణముగా గైకొనుట మేలు. భూమధ్యరేఖకు ఇరుప్రక్కల పదునేడు వేలకు పైబడిన దీవులతో వ్యాపించిన ఇండొనీషియా ఉష్ణమండల దేశము. అందు జావా, బాలి దీవులు రేఖకు దక్షిణముననున్నవి. అచట ఇంచుమించు నవంబరునుండి మార్చివరకు వానలు. మేనుండి సెప్టెంబరువరకు పొడికాలము. కావున ఈ నడిమి నెలలు యాత్రకు అనుకూలములు.

ఆ దేశమునకు చిన్న బృందముగా పోయి వచ్చినవారిలో రవీంద్రనాథ ఠాకూరు ప్రసిద్ధుడు. ఆయన 1927లో జావా, బాలి దీవులను దర్శించెను. వెంట భాషాశాస్త్రజ్ఞుడగు సునీతికుమార చటర్జీ, చిత్రకారులగు సురేంద్రనాథ కర్, ధీరేంద్రకృష్ణ దేవవర్మ ఉండిరి. కవి లేఖలు వ్రాసెను; సునీతికుమారుడు గ్రంథము వ్రాసెను; జావా బాతిక్ అద్దకము శాంతినికేతనమున నెలకొనుటకు ఈ యాత్ర తోడ్పడెను. ఒక్కొక్కరికి ఒక్కొక్క చూపు ఉండుటయు, ఒకరు చూచినది వేరొకరికి చెప్పుకొనుటయు చిన్న బృందమునకు గల గొప్ప లాభము.

అయితే ఆ కాలపు పండితులలో పెక్కుమందికి ఆ దీవులు భారతదేశము యొక్క విస్తారభాగముగా తోచినవి. సునీతికుమారుడు తన గ్రంథమునకు ‘ద్వీపమయ భారత్’ అనియే పేరిడెను. నేటి యాత్రికునికిని ఈ భ్రమ సులభముగా కలుగును. రాముని పేరు వినబడును, గణపతి విగ్రహము కనబడును, నాణెము పేరు రుపయ్యా, భాషకు బహస, బడిపంతులునకు గురు. ‘ఇదంతయు మనదే’ అని అతడు తృప్తిపడి తిరిగివచ్చును. అట్లు వచ్చినవాడు తన నీడను చూచుకొని వచ్చినవాడే కాని ఆ దేశమును చూచినవాడు కాడు. ఆ భాషలో ‘సువామి’ అనగా భర్త. ‘ఇస్త్రీ’ అనగా భార్య. మాట ఇచటినుండి పోయినదే. కాని వారు దానిని తమ ఇంటికి తగినట్లు మలచుకొనిరి. ఈ మలచుకొనుటను చూపగలవాడే మంచి మార్గదర్శి.

మధ్యజావాయందలి బొరొబుదూర్ స్తూపము శైలేంద్ర వంశీయుల కాలమున, క్రీస్తుశకము 8, 9 శతాబ్దులలో కట్టబడినది. చతురస్రమగు అంతస్తులు ఆరు, వాటిపై గుండ్రని అంతస్తులు మూడు, నడుమ మహాస్తూపము. దాని చుట్టును జాలిపనిగల చిన్న స్తూపములు 72. గోడలమీద 2,672 శిల్పఫలకములు. వీటిలో బుద్ధుని చరిత్ర నూటయిరువది ఫలకములలో ఉన్నది. ప్రదక్షిణక్రమమున నడచుచు ఈ కథను చదువవలయును. అరగంటలో శిఖరమెక్కి దిగువానికి మెట్లు మాత్రమే జ్ఞాపకముండును.

మంచి మార్గదర్శి ఇచట ఒక ఓడ శిల్పమునొద్ద ఆగును. ప్రక్కలకు తేలుకొయ్యలు కట్టిన తెరచాప నౌక అది. భారతదేశపు ఓడలే జావాకు పోయినవని తలచువారికి ఆ శిల్పము సమాధానము చెప్పును: ఆ దీవులవారును సముద్రమునేలిన నావికులే. శిల్పమందలి నౌకను పోలిన నౌకను కట్టి 2003లో జకార్తానుండి బయలుదేరినవారు 2004లో ఆఫ్రికా పడమటితీరమందలి ఘానా దేశము చేరిరి. వచ్చినవారు తెచ్చినది కొంత, పోయినవారు ఎన్నుకొని తెచ్చుకొనినది కొంత. శిల్పముల వెనుక ఈ ఎన్నిక ఉన్నది.

ఈ కట్టడము 1975 మొదలు 1983 వరకు యునెస్కో సాయముతో పునరుద్ధరింపబడినది. 1991లో ప్రపంచ వారసత్వ స్థలమైనది. జనుల పాదములచే రాళ్ళు అరుగుచుండుటచే, 2023లో పైకెక్కువారి సంఖ్యకు పరిమితి విధించి, మార్గదర్శితో బృందములుగానే పంపు పద్ధతి అమలుచేసిరి. యాత్రికులకు అల్లిన చెప్పులనిచ్చిరి. వాటి పేరు ‘ఉపానత్’. సంస్కృతమందలి పాదరక్ష వాచకమే అది.

సమీపమున ప్రంబనాన్ ఆలయములున్నవి. ఇవి 9వ శతాబ్దివి. శివాలయ శిఖరము ఎత్తు 47 మీటర్లు. దాని ప్రాకారమున రామకథ చెక్కబడినది. అచటి బహిరంగ రంగస్థలమున 1961నుండి రామాయణ నృత్యనాటకము ప్రదర్శింపబడుచున్నది. ఆడువారిలోను చూచువారిలోను ఎక్కువమంది మహమ్మదీయులు. వారికది పరమతకథ కాదు. తాతలనాటి తమ కథ. ఈ ఒక్క సంగతిని కన్నులార చూచి గ్రామమునకు వచ్చి చెప్పగలిగినను యాత్రావ్యయము వృథా కాదు.

జావాలో తోలుబొమ్మలాటను ‘వయాంగ్ కులిత్’ అందురు. దీనిని 2003లో యునెస్కో మానవజాతి వారసత్వ కళాఖండముగా ప్రకటించినది. దున్నపోతు తోలున సన్నని చిల్లులు పొడిచి, రంగులు వేసి, కొమ్ముకడ్డీలు అమర్చుదురు. సూత్రధారుడగు ‘దలాంగ్’ ఒక్కడే తెరముందు కూర్చుండి బొమ్మలన్నిటిని ఆడించుచు, అందరి గొంతులును తానే పలుకుచు, కంచువాద్యముల మేళమునకు సైగలు చేయుచు రాత్రి తొమ్మిదింటినుండి తెల్లవారువరకు కథ నడుపును. నిమ్మలకుంటవంటి గ్రామముల తోలుబొమ్మలను, బంగారక్క, జుట్టుపోలిగాళ్ళ హాస్యమును ఎరిగిన తెలుగువానికి ఇందు చుట్టరికము తోచును. అచటను సెమార్, గారెంగ్, పెత్రుక్, బాగోంగ్ అను విదూషకులు గలరు. కాని సెమార్ హాస్యగాడు మాత్రమే కాదు. సేవకుని వేషమున నున్న దేవుడు. రాజులు సైతము అతని మాట వినవలయును.

ఆ కథలో ద్రౌపది ధర్మరాజునకు మాత్రమే భార్య. శిఖండి వీరవనిత, అర్జునుని భార్య. ఇది విని ‘కథ తప్పినది’ అని లేచిపోబోవు యాత్రికుడు ఒక్కక్షణము ఆలోచింపవలయును. వ్యాసభారతమున శశిరేఖ లేదు. అయినను ఆమె తెలుగువారి ఇంటి ఆడుపడుచు కాలేదా? ఒక జాతి ఒక కథను ప్రేమించినపుడు దానిలో తన మనుష్యులను చేర్చుకొనును. తెలుగువారు చేసిన పనినే జావావారును చేసిరి.

బట్టల విషయమునను ఇట్టి రాకపోకలే కలవు. డచ్చివారు 1605లో మచిలీపట్టణమున వర్తకస్థావరము పెట్టుకొని, తెలుగు నేతగాండ్ర, అద్దకపువారల వస్త్రములను ఆ దీవులకు చేర్చి, మారుగా సుగంధద్రవ్యములు కొనుచుండిరి. కాళహస్తి కలంకారీ పనివాడు కలముతో గీయునట్లే, జావా స్త్రీ చిన్న రాగిగిన్నె గల కలముతో కరగిన మైనమును బట్టపై గీయును. మైనమున్నచోట రంగు పట్టదు. ఇంత శ్రమను ప్రక్కన కూర్చుండి చూచినవాడు బాతిక్ వెల విని బేరమాడుటకు సంకోచించును.

బాలిలో ఆలయములు, నాట్యములు ప్రసిద్ధములు. అచటను మార్గదర్శి నిజము చెప్పవలయును. వానరసేనవలె గుండ్రముగా కూర్చుండి మగవారు ఆడు ‘కెచక్’ అతిప్రాచీనమని యాత్రికులు తలతురు. కాని ఇప్పటి రూపము 1930 ప్రాంతమున బాలివారును జర్మన్ చిత్రకారుడు వాల్టర్ స్పీస్‌ను కలిసి కూర్చినది. అంతమాత్రమున అందము తగ్గదు. కళ నేటికిని సజీవముగా నున్నదని తెలియును.

గ్రామవాసులు బాలిలో తప్పక చూడదగినది ‘సుబక్’ అను సాగునీటి సంఘము. కొండవాలున మెట్లుమెట్లుగా వరిమళ్ళు. వాటికి కాలువలు, కొండలు తొలిచిన సొరంగములు. ఒక నీటిపట్టున సేద్యము చేయు రైతులందరును ఒక సుబక్. వారికొక పెద్ద, ఒక కట్టుబాటు, ఒక జలదేవాలయము. నీటి వంతులు, నాట్ల దినములు, పొలములు ఖాళీగా ఉంచవలసిన కాలము సభలో నిర్ణయమగును. పై ఊరివాడు నీరు బిగించినచో క్రింది ఊరివాని మడి ఎండును. క్రిందివాని పైరున పురుగు పుట్టినచో పైవాని పైరునకును ప్రాకును. కావున ఇరువురును ఒక మాటపై నిలువవలసినదే.

1970 తరువాత క్రొత్త వరివంగడములతో, పొలము ఖాళీయుంచక, ఏడాది పొడుగునను ఎవరికి వీలైనప్పుడు వారు నాటవలయునని ప్రభుత్వము ప్రోత్సహించెను. అంతట నీటికి ఒత్తిడి, పైరునకు సుడిదోమ వంటి తెగుళ్ళు విపరీతమయ్యెను. అమెరికా మానవశాస్త్రజ్ఞుడు స్టీఫెన్ లాన్సింగ్ పరిశీలించి, ఒక ప్రాంతమంతయు ఒకేమారు కోసి, ఒకేమారు ఖాళీగా నుంచుటచే పురుగునకు తిండి లేక నశించుచుండెనని, జలదేవాలయముల పంచాంగములో ఈ వివేకమే దాగియున్నదని చూపెను. 2012లో యునెస్కో ఈ సుబక్ భూములను ప్రపంచ వారసత్వముగా గుర్తించినది. నీరుగంటి వంతులను, కాలువ తగవులను ఎరిగిన తెలుగు రైతునకు ఈ సంగతిని వేరుగా వివరింపనక్కరలేదు. గట్టుమీద నిలిచి ఒక బాలి రైతుతో మార్గదర్శి ద్వారా అరగంట మాటలాడినచో ఇరువురికిని లాభమే.

అయితే ఆ పొలములకే యాత్రికులవలన కీడును కలుగుచున్నది. వసతిగృహములకు నేల కావలెను, నీరు కావలెను. మళ్ళు కొన్ని ఇండ్లస్థలములగుచున్నవి. మరల, యాత్రికులు రానిచో బాలిలో పెక్కు ఇండ్ల పొయ్యి వెలుగదు. 2020లో మహమ్మారిచే రాకపోకలు నిలిచినపుడు ఈ సంగతి తేటపడినది. కావున పోవలదనుట పరిష్కారము కాదు. పోయినవారు ఊరివారి భోజనశాలలో తిని, ఊరివారి చేతిపని కొని, నీటిని పొదుపుగా వాడి, అనుమతిలేనిచోట అడుగిడకుండుట ధర్మము. ఆలయమున నడుమునకు వస్త్రము, పట్టీ కట్టుకొనవలయును. పూజచేయువారి ముఖముమీద కెమెరా పెట్టరాదు. శకసంవత్సరాది దినమగు ‘న్యెపీ’ ఉగాది ప్రాంతముననే వచ్చును. ఆనాడు దీపము, ప్రయాణము, పని, వినోదము లేక దీవి యంతయు మౌనమునందుండును. విమానాశ్రయము సైతము మూయబడును. ఆ దినమున అచటనున్న అతిథియును మౌనము పాటింపవలసినదే.

చిన్న బృందమునకు ఒక దోషము కలదు. పదిమందియు తమలో తామే మాటలాడుకొనుచు, తమ వంటలను తలచుకొనుచు, మార్గదర్శిని సామానులు మోయు నౌకరుగా చూచినచో, ఇంట నుండుటయే మేలు. మార్గదర్శిని పేరుతో పిలిచి, అతని కుటుంబక్షేమమడిగి, ‘ఇది మీరేల ఇట్లు చేయుదురు?’ అని ప్రశ్నించి, చెప్పినది ఓపికతో వినవలయును. పోవుటకు ముందు ఒకటి రెండు పుస్తకములు చదువవలయును. ప్రతిరాత్రియు నాలుగు పంక్తులు వ్రాసికొనవలయును. తిరిగివచ్చిన పిమ్మట గ్రంథాలయమున ఒక సాయంకాలము గ్రామస్థులకు చెప్పవలయును. అప్పుడు ఒక్కరి ప్రయాణము ఊరి ప్రయాణమగును.

ఇండొనీషియా భాషలో గ్రంథాలయమునకు ‘పెర్పుస్తకాఆన్’ అని పేరు. దాని నడుమ పుస్తకమున్నది. ముందు వెనుకల వారి భాషయున్నది. ఆ మాటను విన్న యాత్రికుడు పుస్తకమను శబ్దమును మాత్రమే గుర్తించి సంతోషించినచో సగమే విన్నవాడు. మిగిలిన సగమునకును చెవియొగ్గుటకే సముద్రము దాటి పోవుట. అట్టి వినుకలిని ఇరువదియైదేండ్లుగా ఈ గ్రామమున పెంపొందించిన ఈ పుస్తకాలయము చిరకాలము వర్ధిల్లుగాక!