తక్రార్: పిల్లలు కలిసి చదవడం గురించి



తెలుగులో తకరారు అంటే తగాదా. ఆ మాట మన తక్రార్ నుంచి వచ్చిందే. అరబ్బీలో దానికి మళ్లీ మళ్లీ చెప్పడమని అర్థం. మదర్సాల్లో ఉస్తాద్ పాఠం చెప్పి వెళ్లాక విద్యార్థులు చుట్టూ కూర్చుంటారు. ఒకరు ఆ పాఠం మొదట్నుంచి చెబుతారు, మిగతావాళ్లు అడ్డుపడి అడుగుతారు. దాన్నే తక్రార్ అంటారు. ఇప్పుడు స్టడీ గ్రూపు అంటున్నది ఇదేనండీ.

కానీ కలిసి చదువుకుంటామని వెళ్లే మన గుంటలు చేసేదేమిటి? ఒకడు లెక్క చేస్తాడు, నలుగురు ఎక్కించుకుంటారు.

1970లలో అమెరికాలో, బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో యూరి ట్రీస్మన్ అనే ఆయన ఒక సంగతి గమనించారు. కాలిక్యులస్‌లో తప్పుతున్న నల్లజాతి విద్యార్థులు సోమరులు కారు. గంటల తరబడి చదివేవారు, కాని ఒంటరిగా. చైనా సంతతివాళ్లు ముందు ఎవరి లెక్కలు వాళ్లు చేసుకుని, తర్వాత కూడి, ఒకరి తప్పులొకరు పట్టుకునేవారు. ట్రీస్మన్ వెనకబడినవాళ్లకు తేలిక లెక్కలివ్వలేదు. కష్టమైనవే ఇచ్చి కలిపి కూర్చోబెట్టారు. ఫలితాలు బాగా మెరుగుపడ్డాయి.

ముందు ఒంటరిగా, తర్వాత కలిసి. మేము చెప్పదలచింది ఈ వరసే. నలుగురైదుగురు చాలు, పదిమందైతే సభ అయిపోతుంది. మగ్రిబ్‌కీ ఇషాకీ మధ్య కూర్చోండి. ఎవరు చెప్పాలో అప్పటికప్పుడు చీటీ తీయండి, అందరూ చదివే వస్తారు. బాగా చదివే పిల్లాడి తండ్రి "మావాడి టైము పోతోంది మాస్టారూ" అంటారు. పోదండీ, చెప్పేవాడికే పాఠం గట్టిగా నిలుస్తుంది.

ఇంకొకటి. ఉర్దూ మీడియం వదిలి తెలుగు మీడియంలో చేరిన పిల్లాడికి ముసల్లస్ తెలుసు, దాని కోణాల మొత్తం 180 డిగ్రీలనీ తెలుసు. కాగితం మీద త్రిభుజం అని చూసి ఆగిపోతాడు. 35 మార్కులు దాటక బడి మానేస్తాడు. వాడికి రానిది లెక్క కాదు, మాట. అందుకని గ్రూపులో మొదట్నుంచీ తెలుగు మీడియంలో చదివినవాడు ఒకడుండాలి, పక్కింటి హిందూ పిల్లాడైనా సరే. ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు మాటలు పక్కపక్కన రాసుకునే నోటుబుక్కొకటి పెట్టుకోవాలి.

ఆడపిల్లల్ని చీకటిపడ్డాక పంపరు. వాళ్లు బడి వదిలాక, మగ్రిబ్ లోపల కూర్చోవాలి. శ్రీకాకుళంలోగాని, విజయనగరం బాబామెట్టలోగాని ఎవరింటి ముందుగది ఆ గంటసేపు ఖాళీగా ఉంటుందో, వాళ్లు కార్యదర్శిగారికి పేరివ్వండి.