మొక్కల ఆకలి - ఎరువు తేట



వంగ ఆకు పసుపుబారగానే మనలో పెక్కుమంది గుప్పెడు యూరియా తెచ్చి మొదట చల్లుదురు. అన్ని జ్వరములకును ఒకే మాత్ర మ్రింగించుట వంటిదే ఇది. పసుపు ఏ ఆకున మొదలైనదో చూచినగాని, మొక్కకు ఏది కొరవడినదో తెలియదు.

నత్రజని చాలనపుడు మొక్క ముదురాకులలోని నత్రజనిని చివుళ్లకు తరలించుకొనును. కావున అడుగు ఆకులు ముందుగా పాలిపోవును. పొటాషియము తక్కువైనను చెడునవి అడుగు ఆకులే. అయితే వాని అంచులు మాడినట్లుండును. ఇనుము అట్లుగాదు. ఒకసారి ఆకులో చేరిన పిదప అది సులభముగా కదలదు. అందుచే దాని లోపము లేత ఆకులందు మొదట కనబడును. ఈనెలు పచ్చగానే యుండి, వాని నడుమ పసుపగును. సున్నపు నేలలలో వేరుశనగకు, బత్తాయికి ఈ బాధ తరచుగా కలుగును.

ఇక ఎరువు తేట తయారుచేయు విధము. బాగుగా చివికి మట్టివాసన వచ్చు కంపోస్టు 2 కిలోలు గుడ్డలో మూటగట్టి, 20 లీటర్ల నీటిలో వ్రేలాడదీయవలెను. కుళాయి నీరైనచో ముందుగా ఒక రాత్రి తెరచి యుంచవలెను. తొట్టిని నీడనుంచి, ఉదయసాయంకాలములు కర్రతో కలియబెట్టుచు, రెండు దినములైన పిమ్మట వడగట్టి పాదులలో పోయవలెను. దుర్గంధము పుట్టినచో గాలి చాలలేదని గ్రహించి, దానిని ఎరువుకుప్పపై పారబోయుడు.

పొటాషియము నీట సులభముగా కరుగును గనుక ఈ తేటలోనికి చక్కగా దిగును. నత్రజని కొద్దిగానే దిగును. అది కొరవడిన మొక్కకు, ఒక పాలు గోమూత్రమునకు పది పాళ్లు నీరు చేర్చి పోయుట మేలు. భాస్వరము చాలవరకు పిప్పిలోనే నిలుచును. కావున పిప్పిని పారవేయక పాదులోనే కప్పుడు.

సున్నపు నేలలో ఇనుము లేకపోలేదు, మొక్కకు అందుట లేదు. అచ్చట తేట యొక్కటే చాలదు. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి, సాయంకాలమున ఆకులపై పిచికారీ చేయవలెను. వరిని పీడించు ఖైరా వ్యాధి జింకు కొరతవలన కలుగునదేయని 1966లో పంత్‌నగరున డాక్టరు వై. ఎల్. నేనే వెల్లడించిరి. తెగులుగా తోచునది ఒక్కొక్కప్పుడు ఆకలియే!

ఒక హెచ్చరిక. తేటలో బెల్లము కలిపినచో మేలుచేయు సూక్ష్మజీవులేగాక, పేడనుండి వచ్చు రోగక్రిములును వృద్ధిపొందవచ్చును. పచ్చిగా తిను కొత్తిమీర, కీర, ముల్లంగి వంటి వానిపై అట్టి తేటను చల్లరాదు. ఇంటి పిల్లల ఆరోగ్యముకంటె పంట గొప్పది గాదు.

నాలుగు మొక్కలకు తేట పోసి, ఒకదానిని విడిచిపెట్టి పోల్చి చూడుడు. మాడిన ఆకు మరల బాగుపడదు. క్రొత్తగా విచ్చు ఆకు రంగే మీ వైద్యము ఫలించినదో లేదో తెల్పును.