భూకంపపు లెక్కల్లో కూడిక

(మన సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి, లైఫ్ సర్టిఫికెట్ల గురించి మనం ఎప్పుడూ మాట్లాడుకుంటూనే ఉంటాం. ఈ రోజు నేను ఎత్తుకున్న విషయం కొంచెం వింతగా తోచవచ్చు. భూకంపానికి భవనం ఎంత బలంగా ఉండాలో లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రాంలో, చివరి కూడిక ఎలా జరుగుతుందన్నదే ఆ విషయం. గుమాస్తాగా రిటైరైన వాడికి దీనితో ఏం పని అని మీరు అడగవచ్చు. పని ఉంది. గ్రాట్యుటీ, కమ్యుటేషన్ డబ్బు పెట్టి మనలో చాలామంది పిల్లలకు ఫ్లాట్లు కొంటున్నారు. కొందరు పాత ఇంటిని బిల్డరుకు డెవలప్‌మెంటుకు ఇస్తున్నారు. జన్మలో ఒక్కసారి చేతికొచ్చే సొమ్ము అది. జీవితమంతా ఇతరుల కూడికలు సరిచూసిన మనం, మన పిల్లల నెత్తి మీది కప్పుకు సంబంధించిన కూడికను కూడా ఒకసారి చూడాలి గదా!

మనది దక్కను పీఠభూమి, గట్టి రాతినేల, భూకంపాల భయం లేదని చాలామంది నమ్మకం. భద్రాచలం దగ్గర 1969 ఏప్రిల్‌లో భూమి కంపించింది. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున లాతూరు జిల్లా కిల్లారిలో వేలమంది చనిపోయారు. అప్పటి పటంలో కిల్లారి అన్నిటికన్నా తక్కువ ప్రమాదమున్న ఒకటో మండలంలో ఉండేది! 2002లో ఐ.ఎస్. 1893 అనే కోడును సవరించినప్పుడు ఆ ఒకటో మండలాన్నే ఎత్తివేశారు. 2024 డిసెంబరు 4 ఉదయం ములుగు ప్రాంతంలో 5.3 తీవ్రతతో వచ్చిన కంపం హైదరాబాదు దాకా తెలిసింది. భయపెట్టడానికి చెప్పడం లేదు. లెక్క అవసరమని చెప్పడానికే ఇదంతా.

ఇక అసలు విషయానికి వస్తాను. చింతచెట్టు కొమ్మకు రెండు ఉయ్యాలలు కట్టామనుకోండి. పొడుగు తాడు ఉయ్యాల నిదానంగా ఊగుతుంది. పొట్టి తాడుది గబగబా ఊగుతుంది. భవనం కూడా ఇలా ఒకేసారి అనేక రకాలుగా ఊగుతుంది. మొత్తం భవనం ఒక పక్కకు ఒరగడం ఒక తీరు. నడుము దగ్గర వంగి పాములాగా మెలికలు పోవడం మరో తీరు. గిర్రున మెలితిరగడం ఇంకో తీరు. ఇంజనీర్లు వీటిని మోడ్‌లు అంటారు. ఒక్కో మోడ్‌లో భవనం మీద పడే గరిష్ఠ బలం ఎంతో కోడులోని గ్రాఫును బట్టి తెలుస్తుంది. కాని ఆ గరిష్ఠం ఏ క్షణాన వస్తుందో గ్రాఫు చెప్పదు. మన భాషలో చెప్పాలంటే ఇవి తారీఖు వేయని వోచర్లు. మొత్తం తెలుసు, ఎప్పటిదో తెలియదు.

ఒక మోడ్‌లో 40 టన్నులు, ఇంకొక మోడ్‌లో 30 టన్నులు వచ్చిందనుకుందాం. నేరుగా కూడితే 70. కాని రెండు ఉయ్యాలలూ ఒకే క్షణాన కొసకు చేరడం అరుదు. ఆఫీసులో జీతాల ఖర్చు ఎక్కువైన నెల ఒకటి, స్టేషనరీ ఖర్చు ఎక్కువైన నెల ఇంకొకటి. ఆ రెండు అంకెలూ కూడి, ఒకే నెలలో ఇంత ఖర్చయిందంటే ఆడిటరు ఒప్పుకుంటాడా? అందుకని 1950ల మొదట్లో మెక్సికో దేశస్థుడు ఎమిలియో రోసెన్‌బ్లూత్ వంటివారు ఒక దారి చూపారు. ఒక్కో అంకెను వర్గం చేసి, కూడి, వర్గమూలం తీయాలి. 1600, 900 కలిస్తే 2500. దాని వర్గమూలం 50. ఈ పద్ధతి పేరు ఎస్.ఆర్.ఎస్.ఎస్.

ఇందులో ఒక మెలిక ఉంది. రెండు ఉయ్యాలల తాళ్లు దాదాపు ఒకే పొడవుంటే ఏమవుతుంది? చాలాసేపు రెండూ కలిసే ఊగుతాయి. అప్పుడు 50 అన్నది తప్పుడు లెక్క. ఇళ్లలో ఇది అరుదేమీ కాదు. మూలమలుపు స్థలంలో రెండువైపులా షాపులు తెరిచి, వెనక రెండువైపులా గోడలు కట్టిన ఇల్లు, ఒక మూలన లిఫ్టు గోడలున్న ఇల్లు, ఎల్ ఆకారపు ఇల్లు పక్కకు ఊగుతూనే మెలితిరుగుతాయి. ఆ రెండు మోడ్‌ల వేగాలు దగ్గరదగ్గరగా ఉండవచ్చు. దీనికి పరిష్కారంగా 1981లో విల్సన్, డెర్ కియురెఘియన్, బాయో అనే ముగ్గురు సి.క్యు.సి. పద్ధతిని ప్రకటించారు. మోడ్‌ల వేగాలు ఎంత దగ్గరగా ఉంటే, ఒకదానితో ఒకటి అంత ఎక్కువ ముడిపెడుతుంది ఈ పద్ధతి. మన ఉదాహరణలో ఒక వేగం ఇంకొకదానిలో పదింట తొమ్మిది వంతులైతే, మామూలుగా వాడే 5 శాతం డాంపింగుకు జవాబు సుమారు 60. అంటే 50 అని రాసుకున్నవాడు 10 టన్నులు తక్కువ చూపాడన్నమాట! ఆ రెండు బలాలూ ఎదురెదురుగా పనిచేసే చోట అదే లెక్క సుమారు 37కు దిగుతుంది. వేగాలు బాగా దూరమైతే మళ్లీ 50 దగ్గరికే వస్తుంది. 2002 నాటి కోడులో సి.క్యు.సి. చోటు చేసుకుంది. పది శాతం లోపు దగ్గరగా ఉన్న మోడ్‌లను నేరుగా కూడే మార్గం కూడా అందులో ఉంది.

రెండో మెలిక ఇంకా సూక్ష్మమైనది. వర్గం చేస్తే ప్లస్సు, మైనస్సు గుర్తులు పోతాయి. కింది అంతస్తు ఒక మోడ్‌లో 10 మిల్లీమీటర్లు, ఇంకొక మోడ్‌లో 4 కదిలిందనుకోండి. పై అంతస్తు మొదటి మోడ్‌లో 20, రెండో మోడ్‌లో వెనక్కి 3 కదిలింది. రెండు అంతస్తుల మధ్య తేడా మొదటి మోడ్‌లో 10, రెండో మోడ్‌లో 7. వీటిని కలిపితే 12.2. ఇదీ సరైన లెక్క. అలాకాకుండా ముందే అంతస్తుల వారీగా కలిపేసి, 20.2లో నుంచి 10.8 తీసివేస్తే 9.4 మాత్రమే వస్తుంది. గోడలు పగిలేది ఈ తేడా వల్లనే. కనుక ఏ సంగతి కావాలో దాన్ని ముందు ఒక్కో మోడ్‌లో కట్టి, ఆ తర్వాతే కలపాలి. సబ్‌హెడ్ వారీ లెక్క తేలకుండా గ్రాండ్ టోటల్ వేయకూడదని మనకు నేర్పినదీ ఇదే.

ఈటాబ్స్, స్టాడ్ ప్రో వంటి ప్రోగ్రాములు ఈ పనంతా చిటికెలో చేస్తాయి. కాని ఏ పద్ధతిలో కలపాలో ఎంచుకునేది మనిషి. మూడు దశాంశ స్థానాల దాకా అచ్చయింది గనుక అంతా నిజమేనని అనుకోకూడదు.

కాబట్టి ఫ్లాటు కొనేముందు మీ అబ్బాయి చేతనో, కోడలి చేతనో ఇంజనీరును నాలుగు ప్రశ్నలు అడిగించండి. ఒకటి, మోడ్‌లను ఏ పద్ధతిలో కలిపారు? రెండు, లెక్కలోకి తీసుకున్న మోడ్‌లలో భవనం బరువు కోడు కోరిన 90 శాతమైనా వచ్చిందా? మూడు, కంప్యూటరు చూపిన మొత్తం బలం కోడులోని మామూలు సూత్రం ఇచ్చే దానికన్నా తక్కువైతే, ఆ మేరకు పెంచారా? నాలుగు, కింద కార్ల కోసం ఖాళీగా వదిలిన అంతస్తు స్తంభాలకు ఏం బలం చేకూర్చారు? 2001 జనవరి 26 భుజ్ భూకంపంలో రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న అహ్మదాబాదులో అలాంటి ఇళ్లు ఎన్నో కూలాయి.

మంచి ఇంజనీరు ఈ ప్రశ్నలకు కోపగించుకోడు, కాగితం తీసి చూపిస్తాడు. కాగితం మీద లెక్క సరిగా ఉన్నా, స్తంభాల రింగులు సరిగా కట్టకపోతే ఫలితం లేదు. అందుకని పని జరిగే చోటికి కూడా వెళ్లి చూడండి. మనకు తీరిక ఉంది, కళ్లజోడు ఉంది, తనిఖీ చేసే అలవాటూ ఉంది.