కేజ్ కనబడని చోట కాపలా



కోలారు బంగారు గనుల్లో చాంపియన్ రీఫ్ గని 3 కిలోమీటర్ల లోతు దాటింది. అక్కడి గిఫర్డ్ షాఫ్టు ఒక్కటే సుమారు 2 కిలోమీటర్ల నిట్టనిలువు బావి. అలాంటి షాఫ్టులో కార్మికుల్ని దించి, ఎక్కించే ఇనుప కేజ్‌ను నడిపేది పైన వైండరు, అంటే తాడు చుట్టి కేజ్‌ను లాగే యంత్రం, ఉన్న గదిలో కూర్చున్న డ్రైవరు. కేజ్ ఆయన కంటికి కనబడదు. చెవికి గంట వినబడుతుంది, ఎదురుగా లోతు చూపే ముల్లు కదులుతుంది, చేతికింద బ్రేకు ఉంటుంది. గంట మూడుసార్లు మోగితే కేజ్‌లో మనుషులు ప్రయాణించబోతున్నారని అర్థం. అంతమంది ప్రాణాలకు ఆయనకున్న ఆధారం ఇంతే.

ఆ ముల్లును ఉక్కు తాడు చుట్టుకునే డ్రమ్ముతో పళ్ల చక్రాలు కలుపుతాయి. కాబట్టి డ్రమ్ము ఎంత తిరిగిందో అది చెబుతుంది, కేజ్ ఎక్కడుందో మనం ఊహించుకోవాలి. బరువుకు తాడు సాగుతుంది. పైగా కొన్ని నెలలకోసారి తాడు కొసను కోసి, కేజ్‌కు మళ్లీ కొత్తగా బిగించాలి. అలా కోసిన ప్రతిసారీ ముల్లు గుర్తులు సరిచూడాల్సిందే. అందుకే షాఫ్టు నెత్తిన నిలబడే హెడ్‌గేర్‌లో, కేజ్ వచ్చే దారి పక్కనే ఒక స్విచ్ పెడతారు. కేజ్ హద్దు మీరి పైకొస్తే స్విచ్‌కు తగులుతుంది. మోటారుకు కరెంటు ఆగి బ్రేకులు పడతాయి. అదీ విఫలమైతే, తాడును వదిలేసి కేజ్‌ను అక్కడే పట్టి నిలిపే కొక్కెం చివరి రక్షణ.

కంటికి కనబడనిదాన్ని నమ్మాల్సి రావడం సొంతంగా విమానం కట్టుకునే ఔత్సాహికులకూ ఉన్న సమస్యే. చక్రాలు లోపలికి ముడుచుకునే విమానంలో అవి పూర్తిగా దిగాయో లేదో పైలట్ సాధారణంగా కళ్లతో చూడలేడు. సెన్సర్‌ను లీవరు దగ్గర బిగిస్తే, దించమని చెప్పినట్టు మాత్రమే తెలుస్తుంది. చక్రం కాలు దిగి లాక్ పడే చోట బిగిస్తేనే నిజం తెలుస్తుంది. ఇంజను జోరు తగ్గించాక కూడా ఏ చక్రమైనా లాక్ కాకపోతే హారన్ మోగేలా వైరింగు చేస్తారు. తర్వాత విమానాన్ని జాకీల మీద లేపి, చక్రాలను ముడిచి, దించి చూస్తారు. ఇక్కడ చాలామంది తొందరపడతారు. లైట్లు వెలిగాయని సంతోషిస్తే చాలదు; ఒక చక్రాన్ని కావాలనే సగంలో ఆపి, హారన్ మోగుతుందో లేదో వినాలి. నా దృష్టిలో మొత్తం పనిలో ముఖ్యమైన పరీక్ష ఇదే.

గనుల్లో ఇలా సరిచూసే శ్రద్ధను ఎవరి ఇష్టానికీ వదల్లేదు. వైండరు భాగాలను అర్హుడైన మనిషి రోజూ చూడాలని నిబంధన. నూనె మరకల చేతులతో, లాంతరు వెలుగులో ప్రతి బోల్టూ తట్టి చూసిన ఫిట్టర్ల పేర్లు మనకు ఏ శిలాఫలకం మీదా కనబడవు.

కోలారు బంగారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. ఆ వైండర్లు నడిపినవాళ్లు, వాటిని బాగుచేసినవాళ్లు మీ ఇంట్లోనో, మీ వీధిలోనో ఉంటే, వాళ్లు చెప్పేది ఇప్పుడే రికార్డు చేసి పెట్టండి.