ఒప్పుకోని వాళ్లు ఉండే వాక్యం
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

  

సంఘం వారు నాకు రెండు పనులు అప్పగించారు. స్వర్ణోత్సవం సందర్భంగా పదో తరగతి పిల్లలకు పెట్టిన వ్యాసరచన పోటీ కాగితాలు దిద్దడం ఒకటి. దిద్దాక తోచింది పావుగంటలో చెప్పడం రెండోది. అంశం మీకు తెలిసిందే: ‘బోధన్ చక్కెర ఫ్యాక్టరీని మళ్లీ నడపాలా?’ ఈ హాల్లో చాలామంది చదువులు ఆ ఫ్యాక్టరీ జీతం మీదో, చెరకు బిల్లు మీదో సాగాయి. పైగా ఇదే విషయం మీద ప్రభుత్వానికి వినతిపత్రం ఇవ్వాలని మన కార్యవర్గం అనుకుంటోంది. కాబట్టి పిల్లల కాగితాల గురించి నేను చెప్పేది పెద్దలకూ పనికొస్తుందని నా ఆశ.

పిల్లలు శ్రద్ధగా రాశారు. కొన్ని చేతిరాతలు చూస్తే ముచ్చటేసింది. కానీ కాగితాలన్నీ దాదాపు ఒకే దారిలో నడిచాయి. ముందు చరిత్ర: 1937లో నిజాం కాలంలో శక్కర్‌నగర్‌లో మొదలైంది, ఆసియాలోనే పెద్దదని పేరు పొందింది, 2002లో 51 శాతం వాటా ప్రైవేటు చేతికి వెళ్లింది, 2015 డిసెంబరులో మూతపడింది. అన్నీ నిజాలే. తర్వాత తెరిస్తే లాభాలు, ఆ తర్వాత తెరిస్తే కష్టాలు, చివర ‘ప్రభుత్వం తగిన చర్యలు తీసుకోవాలి’. మూడు పేజీలు చదివినా రాసిన అమ్మాయి ఏమంటోందో నాకు తెలియలేదు. ఇందులో పిల్లలను అనడానికేమీ లేదు. ఉపోద్ఘాతం, విషయ విశ్లేషణ, ముగింపు అని గైడ్లు మూడు డబ్బాలు ఇచ్చాయి. ‘నేను ఫలానాది అంటున్నాను, ఫలానా కారణం వల్ల అంటున్నాను’ అనే వాక్యానికి ఆ డబ్బాల్లో చోటు పెట్టలేదు.

ఇంగ్లీషు చదువుల్లో ఆ వాక్యాన్ని థీసిస్ స్టేట్‌మెంట్ అంటారు. అమెరికాలో ఉన్న మన వాళ్ల పిల్లలను అడగండి, బడిలో దీని మీదే మార్కులు పోతాయని చెబుతారు. కానీ ఇది అక్కడి నుంచి దిగుమతి చేసుకోవలసిన సరుకేమీ కాదు. మన తర్కశాస్త్రంలో వాదానికి ఐదు అంగాలు: ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం. తెలుగువాడైన అన్నంభట్టు 17వ శతాబ్దంలో రాసిన తర్కసంగ్రహంలో ఇవన్నీ ఉన్నాయి. ఆ కొండ మీద నిప్పుంది, ఇది ప్రతిజ్ఞ. ఎందుకంటే పొగ కనిపిస్తోంది, ఇది హేతువు. పొగ ఉన్నచోట నిప్పుంటుంది, వంటింట్లో చూడలేదా, ఇది ఉదాహరణ. ప్రతిజ్ఞ అనగానే మనకు ప్రార్థనలో చెయ్యి చాపి చెప్పింది గుర్తొస్తుంది. నల్గొండ జిల్లా మనిషి పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు 1962లో రాసిన ఆ ప్రతిజ్ఞ ఒట్టు వంటిది, దాన్ని రుజువు చేయమని ఎవరూ అడగరు. తర్కంలో ప్రతిజ్ఞ వేరు. చెప్పిన మరుక్షణం ‘ఏమిటి రుజువు?’ అని ఎదుటివాడు అడుగుతాడు. అలా అడగాలనిపించని వాక్యం వ్యాసానికి ప్రతిజ్ఞ కాదు.

పొగ మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. ఒక అబ్బాయి ‘చిమ్నీలో పొగ లేదు, కాబట్టి బోధన్ బతుకు ఆగిపోయింది’ అని రాశాడు. చదవడానికి బాగుంది, నాకూ గుండె కలుక్కుమంది. కానీ పొగ ఉంటే నిప్పుంటుందన్నారు గాని, పొగ లేకపోతే నిప్పు లేదనలేదు. ఎర్రగా కాలిన ఇనుప గుండులో నిప్పుంటుంది, పొగ ఉండదు. ఇది కూడా మన తార్కికులు ఇచ్చిన ఉదాహరణే. ఫ్యాక్టరీ ఆగినా పొలాలు ఆగలేదు. చెరకు పోయిన చోట చాలావరకు వరి వచ్చింది.

ఇక అసలు పనిలోకి వద్దాం. ‘నిజాం షుగర్స్ చరిత్ర’ అనేది విషయం, వాదన కాదు. ‘ఈ ఫ్యాక్టరీ మనకు గర్వకారణం’ అంటే ఈ హాల్లో కాదనేవారు లేరు. కాదనేవారు లేనప్పుడు మూడు పేజీలు ఎవరి కోసం రాయాలి? ‘ఫ్యాక్టరీని తెరవాలి’ అనేది ఒకప్పుడు గట్టి వాదనే. కానీ 2024 జనవరిలో పునరుద్ధరణ కోసం ప్రభుత్వమే కమిటీ వేసింది. తెరుస్తామని అధికారంలో ఉన్నవారే అంటున్నప్పుడు ‘తెరవాలి’ అని రాస్తే మనం ఎవరితో వాదిస్తున్నట్టు? ఎదుటివాడు ఆ మాట ఒప్పేసుకుని, దండ వేసి, టీ ఇచ్చి పంపిస్తాడు. ఇప్పుడు తేలని ప్రశ్న వేరే: ఎలా తెరవాలి, ముందు ఏది జరగాలి?

ఒక కాగితంలో మాత్రం ఒక వాక్యం కనిపించింది: ‘ఫ్యాక్టరీ కంటే ముందు చెరకు రావాలి.’ పక్కన నేను ఎర్ర సిరాతో ‘ఎందుకు?’ అని రాశాను. ఆ ఒక్క మాట పట్టుకుంటే వ్యాసం దానంతటదే కదులుతుంది. చెరకు నరికాక ఎంత ఆలస్యమైతే అంత చక్కెర తగ్గుతుంది, ఒక రోజులోపు గానుగ ఆడితే మేలు. అందువల్ల చెరకు ఫ్యాక్టరీ చుట్టుపక్కల పొలాల్లోనే ఉండాలి. పంట చేతికి రావడానికి సుమారు ఏడాది పడుతుంది. ఫ్యాక్టరీ నడుస్తుందన్న నమ్మకం లేనిదే రైతు ఏడాది ముందు ఎందుకు నాటుతాడు? చెరకు లేదని తెలిస్తే యంత్రాల మీద డబ్బు ఎవరు పెడతారు? ఒకరు ముందడుగు వేస్తే గాని ఇంకొకరు కదలని చిక్కు ఇది.

ఆ అమ్మాయి మాటకు నేను ఇలా కొనసాగింపు రాసి చూశాను: ‘ఫ్యాక్టరీ తెరవడానికి ముందే చెరకు రైతుకు ధర హామీ ఇవ్వాలి.’ తర్వాత లెక్కలు చూస్తే ఇది నిలబడదని తేలింది. ధరను కేంద్రం ఏటా ప్రకటిస్తూనే ఉంది. 2025-26 సీజనుకు 10.25 శాతం రికవరీ మీద క్వింటాలుకు 355 రూపాయలు. లోటు ధరలో కంటే కొనే గ్యారంటీలో ఉంది. వడ్లకైతే ఊరి పక్కనే కాంటా, ప్రభుత్వ కొనుగోలు కేంద్రం ఉన్నాయి. కాబట్టి వాక్యం మారింది: ‘వరితో పైసలు త్వరగా వచ్చే మాట నిజమే అయినా, యంత్రాలు బాగుచేయడానికి ముందే రెండు సీజన్ల చెరకు కొంటామని ప్రభుత్వం రైతుకు రాసివ్వాలి. ఎందుకంటే కొనే హామీ లేనిదే చెరకు రాదు, చెరకు లేనిదే ఫ్యాక్టరీ నిలవదు.’

పొడుగైందని నాకు తెలుసు. కానీ చూడండి, ‘అయినా’కు ముందున్నది ఎదుటివాడి మాట. నడుమ ఉన్నది మన కోరిక, ఎవరు ఎవరికి ఏం చేయాలో అందులో ఉంది. ‘ఎందుకంటే’ తర్వాతిది మనం రుజువు చేయాల్సిన బాకీ. రెండు సీజన్లే ఎందుకు అంటే ఒకసారి నాటితే మొదట మొక్క తోట, మరుసటేడు కార్శి తోట వస్తాయి. కార్శికి నాటు ఖర్చు ఉండదు. రైతు లెక్క ఆ రెండూ కలిస్తే గాని తేలదు. వాక్యంలో అంకె పెడితే దాని వెనక ఇలాంటి కారణం ఉండాలి.

ఒకే వాక్యంలో రెండు కోరికలు కలిపితే ఏమవుతుందో మన జిల్లాకు తెలుసు. 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్ నుంచి 185 మంది పోటీ చేశారు. వారిలో 170 మందికి పైగా రైతులు. పసుపు బోర్డు కావాలి, పసుపుకు, ఎర్రజొన్నకు మద్దతు ధర కావాలి అన్నారు. దేశమంతా చూసింది. 2025 జనవరి 14న బోర్డు నిజామాబాద్‌లో మొదలైంది. మద్దతు ధర పంటల పట్టికలో మాత్రం పసుపు ఇప్పటికీ లేదు. బోర్డు వస్తే ధర దానంతటదే వస్తుందని చాలామంది అనుకున్నారు. బోర్డు పని ఎగుమతులు, నాణ్యత, పరిశోధన వంటివి. ధర వేరే వాదన, దానికి వేరే హేతువు కావాలి. రైతుల పోరాటాన్ని నేను తక్కువ చేయడం లేదు, అంతటి పోరాటం మళ్లీ మన తరంలో చూస్తామో లేదో. రెండు కోరికలు ఒక చీటీ మీద రాస్తే ఇచ్చేవాడు తనకు తేలికైనదే ఇస్తాడని మాత్రమే అంటున్నాను. మన వినతిపత్రంలో ఫ్యాక్టరీ, పాత కార్మికుల బకాయిలు, రోడ్డు, రైలు అన్నీ కలిపి రాద్దామని కొందరు అన్నలు అంటున్నారు. కార్మికుల బకాయిల మీద నాకు గట్టి అభిప్రాయమే ఉంది. అందుకే దానికి వేరే కాగితం, వేరే మొదటి వాక్యం ఉండాలంటాను.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మాట. వచ్చే ఏడాది పోటీలో పిల్లలను ముందు వ్యాసం అడగకండి, ఒక్క వాక్యం అడగండి. రాసిన వాక్యాన్ని దాన్ని ఒప్పుకోని ఒకరికి చదివి వినిపించి, ఆయన వేసిన ప్రశ్న కింద రాసుకు రమ్మనండి. ఇంట్లో వరి వేసే బాబాయి ఉంటే ఇంకా మంచిది. ఆ ప్రశ్నకు జవాబు రాస్తూ పోతే రెండో పేజీ దొరుకుతుంది. జవాబు దొరక్కపోతే వాక్యం మార్చుకోవచ్చు, ఇందాక నేను మార్చినట్టు.

నా వాక్యంలోనూ సందులున్నాయి. ప్రభుత్వం కొని, ఫ్యాక్టరీ సమయానికి సిద్ధం కాకపోతే ఆ చెరకు ఎక్కడికి పోవాలి? పక్క జిల్లా ఫ్యాక్టరీలకు పంపవచ్చని నా జవాబు. రవాణా ఖర్చు ఎవరిదని మీరు అడుగుతారు. అడగండి. భోజనాల దగ్గరే ఉంటాను. వరి వైపు వాళ్లు ముందు రండి, వినతిపత్రం చిత్తు ప్రతి నా జేబులోనే ఉంది.

సెలవు.